గొంతు ఆగితే పైకి రావాలి

ఆ ఉదయం ఆకాశం కురిసేలా లేదు, కాసేలా లేదు. తూర్పున మబ్బు విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఆ సందుల్లో పలచని వెలుతురు నిలబడి ఉంది. బస్సు కోసం రోడ్డు పక్కన నిలుచున్నప్పుడు నా జతగాడు మైకు తల వెనక్కి వంచి దాన్ని చూసి, "ఏ సంగతీ తేల్చి చెప్పదు బావా ఇది, అచ్చం నీలాగే" అన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. మబ్బు ఇంకా అలాగే ఉంది. నేను ఈ పాత కోటలో దిగుడుబావి పైమెట్టు మీద కూర్చుని ఆ మబ్బు గురించే చెబుతున్నాను, గట్టిగా, కిందికి వినబడేలా. "ఒరేయ్, మబ్బు ఇంకా విడలేదు. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది." కింద చీకట్లోంచి రాయి మీద రాయి కొట్టిన చప్పుడు. టక్. విన్నానని. సరే, ఇంకా చెప్పాలి. ఆపకూడదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను పైన ఉన్నాను, వాడు కింద ఉన్నాడు.

మాది బావుల పని. పూడిన బావుల్లో పూడిక తీయడం, ఎండిన బావిని ఇంకాస్త తవ్వి ఊట పట్టించడం. ఇద్దరు మనుషుల పని. ఒకడు మోకు పట్టుకుని దిగుతాడు, ఒకడు గిలక దగ్గర ఉంటాడు. దిగేది నేను. బావిలో మనిషిని తీసుకుపోయేది నీళ్ళు కాదు, చెడ్డగాలి. అది కనబడదు. ముందు మగతగా ఉంటుంది, హాయిగా కూడా ఉంటుంది, తర్వాత ఏమీ ఉండదు. అందుకని మొదట లాంతరు దింపుతాం. ఆరిపోతే ఆ రోజు పని లేదు. ఆరకపోతే నేను దిగుతాను, దిగినప్పటినుంచి పైవాడు మాట్లాడుతూనే ఉండాలి, ఏదైనా సరే, మాట తెగకూడదు. కిందివాడు ఆ మాటను పట్టుకుని మెలకువగా ఉంటాడు, మధ్యమధ్య గునపంతో రాయి మీద ఒక దెబ్బ వేస్తాడు, ఉన్నానని. దెబ్బ రాకపోతే పైవాడు మోకు లాగాలి. గొంతు ఆగితే కిందివాడు పైకి రావాలి. ఎందుకు ఆగిందని అక్కడ నిలబడి ఆలోచించకూడదు, ముందు రావాలి. పైన మనిషి లేని బావిలో మనిషి ఉండకూడదు. ఈ పద్ధతి మా మేనమామ నేర్పాడు. మాట్లాడడం నాకు రాదు, ఊరుకోవడం వాడికి రాదు, కాబట్టి పని దానంతటదే పంచుకుపోయింది. ఊరు వాడికి మైకు అని పేరు పెట్టింది, నాకు ముంగి అని. పెళ్ళిపత్రికలో కూడా అవే పేర్లు వేసుంటే చుట్టాలందరికీ తెలిసేది అనేవాడు మైకు.

"ఒరేయ్, ఇక్కడ ఒక తొండ ఉంది. గోడ మీద. తల ఊపుతోంది." టక్. తొండ గురించి ఇంకేం చెప్పాలి. వాడైతే ఆ తొండకు అత్తగారిని పెట్టి, అలక పెట్టి, ఒక తట్ట మట్టి నిండేలోగా ఇద్దరికీ రాజీ కుదిర్చేవాడు. నాకు తొండంటే తొండే. దాని మెడ కింద చర్మం లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది, ఆ కొట్టుకోవడం చూస్తుంటే వాడి మెడ గుర్తొచ్చింది. మాట మధ్యలో ఆగి గుటక వేసేటప్పుడు వాడి మెడ కూడా అలాగే కదులుతోంది ఈమధ్య. చూడకూడదని నేను వేరేవైపు చూస్తాను. చూడలేదని వాడు అనుకుంటాడు. అనుకోడు. వాడికన్నీ తెలుసు.

మొదట గొంతు బొంగురుపోయింది. జలుబన్నాం. తర్వాత ఇసుకలో తట్ట ఈడ్చినట్టు అయింది. బావిలో ఉన్న నాకు అందరికంటే ముందు తెలిసింది. పైనుంచి మాట వచ్చేది గానీ దాని అంచులు అరిగిపోయి వచ్చేవి. నేను గునపం దెబ్బ కొంచెం గట్టిగా వేసేవాణ్ణి, వినబడుతోందిలే అన్నట్టు. పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఇదుగో ఇక్కడ, మాట పుట్టే చోటే పుట్టింది జబ్బు, ఆ చోటు మొత్తం తీసేయాలి, మెడ ముందు చిన్న కన్నం పెడతాం, ఊపిరి దాంట్లోంచి, మాట ఉండదు. మాట తీస్తే మనిషి దక్కుతాడు, తీయకపోతే రెండూ దక్కవు. రేపటి తేదీ రాసిచ్చి, ఆ రోజు వచ్చి చేరమంది. మైకు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "బాగా గీశారమ్మా" అన్నాడు. బయటికొచ్చాక నాతో అన్నాడు, "గొంతు లేని మైకుని పాత ఇనుప సామాన్లవాడు కూడా తీసుకోడు కదరా బావా." చేరతాననలేదు, చేరననలేదు. చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం ఇంట్లో అటకమీది మూటలా అలాగే ఉండిపోయింది, ఎవరూ దించలేదు. ఒక్కటి మాత్రం అడిగాడు. ముందు కోట చూడాలి.

కోట సంగతి బడి నాటిది. మా ఊరి బళ్ళో మేస్టారు పిల్లలందరినీ కోటకు తీసుకుపోతానన్నారు. పొద్దున్నే తలకు నూనె రాసుకుని వరసగా నిలబడ్డాం. ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగినట్టు వాన. బండి రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మైకు ఆ రోజు బడి అరుగు మీద నిలబడి, చూడని కోట గురించి మాకందరికీ సాయంత్రం దాకా చెప్పాడు. ఏనుగులు, సొరంగాలు, ఒక దిగుడుబావి, దాని అడుగున రాణిగారి ఉంగరం. నేను అరుగు చూరు కింద కారే నీళ్ళ వైపు చూస్తూ విన్నాను. నిజం చెప్పాలంటే ఇవాళ చూసిన కోట కంటే అదే బాగుంది.

"ఒరేయ్, గొడుగు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు వస్తున్నారు. వాన లేదు, ఎండ లేదు, గొడుగు ఎందుకో." టక్. ఈసారి చప్పుడు ఇంకా కింది నుంచి వచ్చింది. మెట్లు మలుపులు తిరిగి ఒక కమాను కిందికి పోతాయి, అక్కడినుంచి మనిషి కనబడడు. నిజానికి ఇందులో చెడ్డగాలి ఏమీ లేదు. పైనంతా తెరిచి ఉంది, పావురాలు ఎగురుతున్నాయి, ఇందాక కొత్త జంట ఒకటి అడుగుదాకా పోయి ఫోటోలు తీసుకుని నవ్వుకుంటూ వచ్చింది. కానీ వాడు చెప్పులు విప్పి నా పక్కన పెట్టి, "ఇన్నేళ్ళూ నిన్ను దింపాను. ఒక్కసారి నన్ను దిగనీ. పద్ధతి ప్రకారమే, నువ్వు మాట్లాడుతుండు" అన్నాడు. నేనా అన్నాను. "లేకపోతే ఆ కాపలావాడినా?" అన్నాడు. కాపలావాడు గోడకానుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు. మైకు చెప్పులు ఇక్కడే ఉన్నాయి. ఎడమదాని మడమ ఒకవైపే అరిగింది, గిలక దగ్గర ఎప్పుడూ ఆ కాలి మీదే బరువు వేసి నిలబడతాడు కాబట్టి.

అడుగున ఉన్నవాడికి పైన ఒక రూపాయి బిళ్ళంత ఆకాశం కనబడుతుంది, దాని అంచున ఒక తల. ఆ తల మాట్లాడుతుంటుంది. నేను ప్రపంచాన్ని అలా విన్నాను. ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరి ఆవు ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు, అన్నీ నాకు అడుగునే తెలిశాయి. మా నాన్న పోయినప్పుడు కూడా. వాడు నన్ను పైకి లాగలేదు వెంటనే. మాట ఆపకుండా, మెల్లగా, వాళ్ళ నాన్న సంగతి మొదలుపెట్టి, తండ్రులందరి సంగతికి వచ్చి, మా నాన్న దగ్గరికి వచ్చి, మోకు పట్టుకో బావా అన్నాడు. పైకి వచ్చేసరికి నాకు సగం ఏడుపు అయిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వాడి నోరు మంచిదో కాదో చెప్పలేను, నాకు మాత్రం వాడి నోరే ఊరు.

ఒక్కసారే ఆగింది ఆ గొంతు. పెద్ద బావి, రాతి పొర తగిలిన రోజు. పైన ఏదో కథ చెబుతున్నాడు, మాట సగంలో తెగింది. గునపం పడేసి, మోకు పట్టుకుని, గోడకు కాళ్ళు తన్ని, చర్మం లేచిపోయినా చూసుకోకుండా పైకి వచ్చాను. వాడు నిలబడే ఉన్నాడు, నోరు తెరుచుకుని. ఎదురుగా నీళ్ళ బిందెతో ఒక అమ్మాయి. ఏమైందిరా అంటే జవాబు లేదు. ఆ అమ్మాయే నన్ను చూసి, "ఈయనకు మాటలు రావా అండీ?" అని అడిగింది. తర్వాత ఆమే వాడి పెళ్ళామైంది, నాకు చెల్లెమ్మ అయింది. తనను చూసిన రోజు తప్ప ఆయన నోరు మూతపడింది లేదని చెల్లెమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. నిన్న సాయంత్రం వాళ్ళింటి వెనక గిన్నెలు తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ అంది, "అన్నయ్యా, నేను చెబితే నవ్వులాటకు తిప్పేస్తారు. నువ్వు చెప్పు. నువ్వెప్పుడూ ఏదీ చెప్పవు కాబట్టి నువ్వు చెబితే వింటారు." సరేనమ్మా అన్నాను. పొద్దుటినుంచి ఆ మాట నా నోట్లో మెతుకులా ఉంది. మింగలేను, ఉమ్మలేను.

బస్సులో చెప్పాలనుకున్నాను. వాడు కండక్టరుతో పడ్డాడు. "రెండు టిక్కెట్లు, ఒకటి మాట్లాడేవాడికి, ఒకటి వినేవాడికి. వినేవాడికి సగమే తీసుకో, వాడు సీటు కూడా అరిగించడు." కండక్టరు నవ్వి, "ముందు ఆ జలుబు తగ్గించుకో పెద్దాయనా" అన్నాడు. "జలుబేనయ్యా, ఇంకెన్నాళ్ళులే" అన్నాడు మైకు, అని కిటికీ వైపు తిరిగాడు. అద్దానికి ఆవిరి పట్టింది, వేలితో ఒక గుండ్రం గీసి దాంట్లోంచి పొలాలు చూశాడు. నేనా గుండ్రం చూశాను. బావి అడుగునుంచి చూసే ఆకాశంలా ఉంది. అప్పుడు కూడా చెప్పలేదు.

కోట గుమ్మం దగ్గర చెప్పాలనుకున్నాను. అక్కడ ఒక ఫిరంగి, దాని చుట్టూ ఒక కుటుంబం, ముసలమ్మా కొడుకూ కోడలూ. మైకు ఫిరంగి మీద చెయ్యి వేసి, "ఇది ఒక్కసారీ పేలలేదమ్మా" అన్నాడు ఎవరూ అడక్కుండానే. "ఎందుకనీ?" అంది ముసలమ్మ. "రాజుగారి అత్తగారు పక్కగదిలో పడుకునేది. ఆవిడ లేస్తే శత్రువులకంటే కష్టమని." కోడలు పైట నోటికడ్డం పెట్టుకుంది. ముసలమ్మ కోడలి వైపోసారి చూసి, "నీకెలా తెలుసయ్యా?" అంది. "నేను అప్పుడిక్కడే ఉన్నానమ్మా, అందుకే గొంతిలా అయింది, అరిచి అరిచి." ఇంక వాళ్ళు వదల్లేదు. మరో నలుగురు కలిశారు. గుర్రాలశాల నుంచి ధాన్యం కొట్లకు, కొట్ల నుంచి గోడ మీదికి, వాడు ముందు, వాళ్ళు వెనక, అందరికంటే వెనక నేను, అన్నం క్యారియరు పట్టుకుని. కోటలో నిజంగా చరిత్ర చెప్పే గైడు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దెబ్బలాటే అనుకున్నాను. ఆయన చివరిదాకా విని, మైకు భుజం తట్టి, "ఎక్కడ చేశారు మీరు గైడుగా? గొంతు బాగా పోయింది పాపం. మా పనిలో అందరికీ ఇదే. వేడినీళ్ళు తాగుతుండండి" అన్నాడు. మైకు నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, గోడ పట్టుకుని వంగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మర్యాదగా ముందుకు నడిచిపోయారు. రుమాలు నోటికి పెట్టుకుని, మడిచి, నాకు కనబడకుండా జేబులో పెట్టుకున్నాడు. కనబడింది. గోడ రాళ్ళ మధ్య సున్నం చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆ సున్నం బాగా కలిపారు, ఒక్క రాయి కూడా కదల్లేదు.

"ఒరేయ్, గొడుగువాళ్ళు వెళ్ళిపోయారు." టక్. "కాపలావాడు ఇంకా నిద్రపోతున్నాడు." టక్. "నీ చెప్పులు ఇక్కడే ఉన్నాయి." టక్. "చీమలు పోతున్నాయి. వరసగా. ఒకటి రెక్క మోసుకుపోతోంది, ఈగ రెక్కో ఏదో." టక్. "మబ్బు అలాగే ఉంది." చెప్పాను కదా ఇందాకే. మాటలు అయిపోతున్నాయి. ఇంత తొందరగా అడుగు తగులుతుందనుకోలేదు. వాడు ఎలా తోడాడు ఇన్నేళ్ళు, ఒక్కరోజు కూడా ఎండకుండా. గిలక దగ్గర ఎండలో నిలబడి, అన్నం వేళ దాటినా, జ్వరమొచ్చినా, వాళ్ళమ్మ మంచంలో ఉన్న రోజుల్లో కూడా. కిందనున్నవాడు వింటున్నాడు కదా అని. నేను విన్నాను. ఒక దెబ్బ వేసి ఊరుకున్నాను. బాగుందిరా అని ఒకసారైనా అన్నానో లేదో. అనక్కర్లేదు, దెబ్బ చాలనేవాడు వాడు.

రేపటినుంచి ఆ దెబ్బ వాడు వేస్తాడా. వేస్తే మంచిది. వేయకుండా పోతే. నోట్లో మెతుకు పెద్దదైంది. ఆకాశం వైపు చూడకుండా, చీకటి కమాను వైపు చూస్తూ అన్నాను, "ఒరేయ్. రేపు ఆసుపత్రికి పోదాం." రాయి చప్పుడు రాలేదు. పద్ధతి ప్రకారం నేను ఆపకూడదు. "చెల్లెమ్మ చెప్పమంది. చెల్లెమ్మ చెప్పకపోయినా చెబుదును. కోసేయనీ. నీ మాట లేకుండా ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఊరు ఊరంతా ఒక్కసారి ఖాళీ అయినట్టుంటుంది. అయినా సరే. మాట లేకపోతే లేకపోయింది, నువ్వు కావాలి. ఊళ్ళో ఎవరేమనుకుంటే ఏం. నేను మాట్లాడతా. నాకు రాదు. తొండ గురించి రెండు ముక్కలు కూడా రాలేదు, విన్నావు కదా. నేర్చుకుంటా. నువ్వు దెబ్బ వెయ్యి, చాలు. నువ్వు…" అక్కడ తెగింది. ఇంకో మాట ఉంది, తెలుసు నాకు, గొంతులో ఉంది, రాలేదు. కళ్ళ ముందు మెట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పావురాలు కూడా ఆగాయి. బావి నిండా ఏ చప్పుడూ లేదు. వాడి చెప్పుల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. పైవాడి గొంతు ఆగిపోయింది, పద్ధతి తప్పింది, మాట్లాడు, మాట్లాడు అని లోపలినుంచి ఎవరో అంటున్నారు, అది వాడి గొంతే, అరగని గొంతు, పాత గొంతు.

అప్పుడు కింద అడుగుల చప్పుడు. వట్టికాళ్ళు, తడి రాతి మీద. మొదట మెల్లగా, తర్వాత తొందరగా, ఒక మలుపు దగ్గర జారి మళ్ళీ నిలదొక్కుకుని. కమాను కింద నుంచి తల వచ్చింది, భుజాలు వచ్చాయి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. ఊపిరి అందడం లేదు. పై మెట్టెక్కి నా ముందు నిలబడి నన్ను ఆపాదమస్తకం చూశాడు, ఎక్కడైనా దెబ్బ తగిలిందా అన్నట్టు. ఏమీ లేదని చూశాక నా పక్కన కూలబడ్డాడు.

"ఎందుకాపావు?" అన్నాడు.

నేను చెప్పులు వాడి వైపు జరిపాను.

"ప్రాణం పోయిందనుకో నాకు. పరిగెత్తుకొచ్చా." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "అయినా ఏం మాటలు బావా అవి. తొండ, చీమలు, గొడుగు. కాసేపుంటే గాలి మంచిదైనా అక్కడే నిద్రపోయేవాణ్ణి."

తడి చెయ్యి తీసుకొచ్చి నా ముంజేతి మీద పెట్టాడు. చల్లగా ఉంది, అడుగు నీళ్ళ చలవ. "ఊట ఇంకా ఉంది కింద" అన్నాడు. "చెయ్యి పెడితే కదులుతోంది. నువ్వెప్పుడూ చెప్పలేదు, అలా ఉంటుందని."

ఆ తర్వాత చాలాసేపు బావిలోకి చూస్తూ కూర్చున్నాడు. చెప్పులు వేసుకోవడానికి వంగి, వంగినవాడు అలాగే ఉండి, నా వైపు చూడకుండా అడిగాడు, "రేపు ఏ బస్సుకు పోదాం?"

"పొద్దుటి దానికి" అన్నాను.

"సరే." అది వాడు చెప్పులోకి వేలు దూర్చుకుంటూ అన్నాడు. ఇంకా ఏదో అంటాడని చూశాను. ఎప్పుడూ ఒక సరే దగ్గర ఆగే మనిషి కాదు. ఆగాడు.

కోట గోడ నీడలో ఒక రాతి బల్ల ఉంది. క్యారియరు విప్పాను. వాడికి మెత్తగా మెదిపిన పాలన్నం పెడతానంది చెల్లెమ్మ, నాకు కూరతో వేరే పెడతానంది. రెండు గిన్నెలూ తెరిస్తే రెండింట్లోనూ పాలన్నమే ఉంది. వాడూ చూశాడు, నేనూ చూశాను. చెంచాలు రెండు పెట్టింది. తినడం మొదలుపెట్టాం. వాడు ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని, ఆగి, కళ్ళు మూసుకుని మింగుతున్నాడు. నేను కూడా నెమ్మదిగా తిన్నాను, ముందు అయిపోకుండా. ఎదుట గుమ్మంలోంచి ముసలమ్మ కుటుంబం బయటికి పోతూ మైకుకు చెయ్యి ఊపింది. వాడు చెంచా ఎత్తి ఊపాడు. ఏమీ అనలేదు. మబ్బు ఇంకా అలాగే ఉంది, దాని గురించి కూడా ఎవరమూ ఏమీ అనలేదు. నేను గిన్నెలోకి చూస్తూ తింటున్నాను. పక్కన చెంచా గిన్నె అంచుకు తగిలి టక్కుమంది. చప్పున తలెత్తాను. వాడు తింటున్నాడు.